పెరటి విత్తు



ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుఁడను ఋషి తన కుమారుఁడగు శ్వేతకేతునకు బ్రహ్మోపదేశము చేయుచు గ్రంథమును దెమ్మనలేదు. మఱ్ఱిపండు నొకదానిని దెమ్మనెను. దానిని పగులఁగొట్టించి లోపల నేమి కానవచ్చుచున్నదని యడిగెను. సన్నని గింజలు కానవచ్చుచున్నవని బాలుఁడు చెప్పెను. అందొక గింజను పగులఁగొట్టుమనెను. పగులఁగొట్టి చూచి, ఇందేమియు కానరాదని యతఁడు చెప్పఁగా, నీకుఁ గానరాని యా సూక్ష్మమునుండియే యింత మహావృక్షము లేచి నిలిచినదని తండ్రి బోధించెను. పండ్రెండేండ్లు గురుకులవాసము చేసి, వేదములన్నియుఁ జదివి, గర్వించి యింటికి వచ్చిన కుమారునకు ఈ పాఠమును ఒక గింజచేతఁ జెప్పింపవలసి వచ్చెనన్న సంగతి మనవంటి చదువరులు మఱవఁదగినది కాదు.

ఆ కథను మనలోఁ బెక్కుమంది వినియున్నారు. వినినవారిలో మఱ్ఱిపండును నిజముగాఁ జిదిమి చూచినవారెందఱు? చూచినవారిలోఁ దమ చేతులతో నొక గింజను మట్టిలోఁ బెట్టి, మొలకకొఱకు కనిపెట్టుకొని కూర్చున్నవారెందఱు? పెరటిపని తోఁటమాలిదనియు, విత్తులమాట యాఁడువారిదనియు విభజించికొని, మనకు మిగిలినది ఉపనిషత్తే యని తృప్తిపడియున్నాము. కడియము, కడియపులంకల నర్సరీలనుండి పెరిగిన మొక్కను దెచ్చి కుండీలోఁ బెట్టుట తప్పు కాదు. ఆ నర్సరీలవలన వేలకొలఁది కుటుంబములు బ్రతుకుచున్నవి. కాని పెరిగిన మొక్కను కొనితెచ్చుకొన్నవాఁడు కథను నడుమనుండి విన్నవాఁడే. ఈ సాయంకాలము నేను చెప్పఁదలఁచినది వేదాంతములోని విత్తును గూర్చి కాదు. బీరవిత్తు, చిక్కుడువిత్తు, తోఁటకూరవిత్తు, వీనిని గూర్చి. పరమేశ్వరుని మహిమ వీనిలోఁ దనంతటఁ దానే కానవచ్చునేని కానవచ్చుఁ గాక. నేను బలవంతముగాఁ దెచ్చి యతికింపను.

ఏమియు కానరాదని శ్వేతకేతునకుఁ దోఁచిన చోట నేఁటి శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితోఁ జూచి యేమి చెప్పుచున్నారు? ప్రతి మంచి విత్తులోను ఒక పసిమొక్క యిదివఱకే పుట్టి నిద్రించుచున్నది. దానికి వేరు కాఁదగిన కొన యొకటి, కాండము కాఁదగిన మొన యొకటి, విత్తనపుటాకులు ఒకటో రెండో కలవు. ఇది చూచుటకు సూక్ష్మదర్శిని సయితము అక్కఱలేదు. చిక్కుడుగింజను రాత్రి నానవేసి, ప్రొద్దున పైతోలు తీసి, రెండు బద్దలను మెల్లఁగా విడఁదీయుఁడు. ముడుచుకొన్న రెండు లేఁతయాకులతోఁ గూడిన చిన్ని యంకురము మీ కంటికే కానవచ్చును. ఆ బద్దలు దానికిఁ దల్లి కట్టి పంపిన దారిబత్తెము. ఎండిన విత్తులో నీరు మిక్కిలి తక్కువ. ఉన్నదో లేదో తెలియనంత మెల్లఁగా దాని యూపిరి యాడుచుండును. నీరు తగులఁగానే యది యుబ్బును, తోలు పిగులును, నిలువయున్న పిండి చక్కెరగా మాఱ నారంభించును. మొలకెత్తిన రాగుల పిండి తియ్యఁగా నుండుట కిదియే కారణము. మొదట వేరు వెలువడును, పిదపనే కాండము.

ఇందన్నిటికంటె నాశ్చర్యకరమైన దొకటి కలదు. విత్తును మనము తలక్రిందుగాఁ బెట్టినను వేరు క్రిందికే పోవును, మొలక పైకే వచ్చును. వేరుకొనయందలి కణములలో సన్నని పిండిరేణువులు గలవు. అవి తమ బరువుచేఁ గ్రిందికి జాఱి, నేల యిటున్నదని వేరునకుఁ దెలుపును. 1806వ సంవత్సరమున థామస్ ఆండ్రూ నైట్ అను ఇంగ్లీషు తోఁటశాస్త్రజ్ఞుఁడు మొలకెత్తు విత్తులను నీటిచక్రమునకుఁ గట్టి వేగముగాఁ ద్రిప్పించి చూచెను. వేళ్ళు చక్రమునకు వెలుపలివైపునకును, కాండములు నడిమివైపునకును పెరిగినవి. బరువు ఎటు లాగిన నటే వేరు పోవునని యిట్లు ఋజువైనది. విత్తినవాని కులము, జన్మనక్షత్రము, విత్తునప్పుడు వాఁడు చూచిన దిక్కు, వీనిలో దేనినైనను విత్తు విచారించినట్లు ఇంతవఱకు నెవ్వరును జూపలేదు. ఈ మాటను ఇప్పటికిఁ జెప్పి విడుచుచున్నాను. మరల దీనియొద్దకు వత్తును.

పనిలోనికి వత్తము. రోహిణికార్తె యెండలు ముగిసి, జూన్ 7, 8 తేదీల ప్రాంతమున మృగశిర ప్రవేశించి, తొలకరి పడఁగానే పెరడున్న యింటివారు పాదులు త్రవ్వుట తెలుఁగునాఁట పూర్వాచారము. బీర, సొర, పొట్ల, కాకర, గుమ్మడి, చిక్కుడు, బెండ, వీనిని నేరుగాఁ బాదులోనే పెట్టవలెను. వేరు కదలించుటను ఇవి యోర్వవు. వంగ, మిరప, టమాటాలను మాత్రము నారుపోసి పెంచి తీసి నాటవలెను. వంగనారు నాలుగైదు వారములకు, మిరపనారు రమారమి యాఱు వారములకు నాటుటకు వచ్చును. విత్తును ఎంత లోఁతునఁ బెట్టవలెననఁగా, దాని లావునకు రెండు మూఁడింతలు, అంతకు మించరాదు. తోఁటకూరవంటి సన్నవిత్తును ఇసుకలోఁ గలిపి పైపైనఁ జల్లి, అరచేతితో నదిమినఁ జాలును. చిన్నవిత్తును లోఁతునఁ బూడ్చినచో, దాని దారిబత్తెము వెలుఁగు చేరకమునుపే వ్యయమై యది చీఁకటిలోనే నశించును. కాకర, పొట్ల విత్తుల తోలు గట్టిది. వానిని ఒక రాత్రి నానవేసి, తడిగుడ్డలోఁ జుట్టియుంచి, తెల్లని మొన కానవచ్చిన పిదపఁ బెట్టుట మేలు.

యేసుక్రీస్తు చెప్పిన విత్తువాని యుపమానమును మీరెఱుఁగుదురు. త్రోవప్రక్కను బడిన విత్తులను పిట్టలు తిన్నవి. ఱాతినేలఁ బడినవి మొలచి యెండిపోయినవి. ముండ్లలోఁ బడినవి యడఁగిపోయినవి. మంచినేలఁ బడినవి మాత్రము ఫలించినవి. గొప్ప యుపమానమే. కాని పెరటిలో విత్తు పెట్టిన యిల్లాలెవ్వరైనను ఇచ్చట నొక ప్రశ్న వేయును: ఆ ఱాళ్ళు ఏఱివేయరాదా? ఆ ముండ్లు కొట్టివేయరాదా? పొలమునఁ జల్లువాఁడు చల్లుచుఁ బోవును; పెరటిలోఁ బెట్టువారు ముందుగా నేలను సిద్ధపఱచుకొందురు. ఇటుకముక్కలు నిండిన దిబ్బను రెండు మూఁడేండ్లు ఆకులు, పేడ, వంటింటి తొక్కలు వేసి, వానపాములు తిరుగు నేలగాఁ జేసిన యిండ్లు మీలోఁ బెక్కురు చూచియేయుందురు. ఒక బాలుని జూచి వీని బుద్ధి ఱాతినేల యనియు, ఒక వాడను జూచి యిచ్చటివారికిఁ జదువు రాదనియుఁ దీర్పు చెప్పు నలవాటు మనలో నింకను బోలేదు. అట్లనువారు ఎన్నఁడైనను అచ్చట గునపము పట్టి త్రవ్వి చూచిరా? ఒక్క యేఁడైనను ఎరువు వేసి చూచిరా?

నారుమడిని గూర్చి యొక్క మాట. నీరెక్కువై, విత్తు ఒత్తయి, గాలి చొరని మడిలో నారుకుళ్ళు అను తెగులు పుట్టును. పిథియము మొదలైన సూక్ష్మజీవులు తడిమట్టిలోఁ బెరిగి మొలక కాండమును నేలమట్టమున మెత్తఁబఱచును. సాయంకాలము నిలిచియున్న నారు తెల్లవాఱునప్పటికి పడిపోయియుండును. మడిని ఎత్తుగాఁ గట్టి, విత్తును పలుచఁగాఁ జల్లి, ప్రొద్దుటిపూట మితముగా నీరు చిలుకరించి, ఎండయు గాలియుఁ దగులనిచ్చుటే దీనికి ముందుజాగ్రత్త. ఏకైక పుత్రుని గడప దాటనీయక పెంచు తల్లిదండ్రులకు దీనిని ఇంతకంటె విప్పి చెప్పనక్కఱలేదు.

విత్తు ఎంతకాలము వేచియుండఁగలదు? అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున విలియం జేమ్స్ బీల్ అను ఆచార్యుఁడు 1879లో ఇరువది సీసాలలో ఇసుకతోఁ గలిపిన విత్తులను నింపి, కళాశాల యావరణలో నొక రహస్యస్థలమునఁ బాఁతిపెట్టెను. ఆయన గతించినను, పిదపవారు ఆ చోటి గుఱుతును తరతరములుగాఁ గాపాడుకొని, కొన్నేసి యేండ్లకొక సీసా చొప్పునఁ దీసి పరీక్షించుచున్నారు. 2021లోఁ దీసిన సీసాలోని విత్తులు కొన్ని, నూటనలువది యేండ్లు దాటిన పిదప, మొలకెత్తినవి. కడపటి సీసాను 2100వ సంవత్సరమునఁ దీయవలెనని యేర్పాటు. మృతసముద్రపు తీరమున మసాదా కోట శిథిలములలో దొరకిన, రెండువేల యేండ్లనాఁటి ఖర్జూరపు గింజను 2005లో నాటఁగా నది మొలచి చెట్టయినది. చైనాలో నెండిపోయిన సరస్సు మట్టినుండి తీసిన, పదుమూఁడువందల యేండ్లనాఁటి తామరగింజయు మొలకెత్తినది.

ఇట్టివి వినఁగానే మనకు సహనమును గూర్చి ప్రసంగింపవలెనని బుద్ధి పుట్టును. కొంచెము నిలువుఁడు. కరివేపగింజ, పనసగింజ, మామిడిటెంక, ఇవి వేచియుండవు, ఎండినచోఁ జచ్చును. పండు రాలిన కొలఁదిదినములకే వానిని మట్టిలోఁ బెట్టవలెను. ఉల్లివిత్తును యేఁడు గడచిన పిదప నమ్మరాదు. ఓర్చుకొనుఁడు, కాలము వచ్చినప్పుడు మేలగునని మనము ఇతరులకు సులభముగాఁ జెప్పుదుము. వినువారు తామరగింజవంటివారో కరివేపగింజవంటివారో విచారింపము. పదియవ తరగతి ముగించిన బాలిక చదువు సంగతి వచ్చినప్పుడు, వచ్చు సంవత్సరము చూతమనెడు తండ్రి, పండు తిని గింజను గూటిలోఁ బెట్టి మఱచినవానికంటె నెక్కువ వివేకము చూపినవాఁడు కాఁడు.

ఇఁక నసలు సంగతి. మన యిండ్లలో ఈ విత్తులను కాపాడినవారెవరు? తీఁగకుఁ గాచిన మంచి కాయను కూరకుఁ గోయనీయక గుర్తుగా దారము కట్టి విడిచినదెవరు? బీరకాయను తీఁగమీఁదనే యెండనిచ్చి వంటింటి చూరునకు వ్రేలాడఁగట్టి, ముదిరిన బెండకాయలను పగిలి రాలకమునుపే కోసి, వంగపండును పిసికి కడిగి గింజలను నీడన నార్చి, బూడిదలోఁ బొరలించి, ఎండిన వేపాకు వేసి, కుండలోఁ బోసి మూఁతకుఁ బేడమట్టి మెత్తినదెవరు? వ్యవసాయ కళాశాల కామె పోలేదు. అయినను, విత్తులోని తడి నూటికొకపాలు తగ్గినకొలఁది దాని యాయువు రెట్టింపగుననియు, ఉంచిన చోటి వేఁడి సుమారు 5 డిగ్రీలు తగ్గినకొలఁది మరల రెట్టింపగుననియు హారింగ్టన్ అను శాస్త్రజ్ఞుఁడు చెప్పిన లెక్క యామె కుండలో నున్నది. బూడిద తడిని బీల్చును, పురుగును జేరనీయదు. మట్టికుండ చల్లగా నుండును.

ఆమె చాల యిండ్లలో నొక మేనత్త, ఒక పెద్దమ్మ, ఒక బామ్మ. పెక్కుచోట్ల భర్తను గోల్పోయి, పుట్టినింటనో కొడుకునింటనో వెనుకగదిలోఁ గాలము గడపిన స్త్రీ. ఆమె చేయి మంచిదని పొరుగువారు వచ్చి విత్తులడిగి తీసికొనిపోవుదురు. ఆమె పెట్టిన పాదు తప్పక కాయునని చెప్పుకొందురు. ఏఁడాది పొడుగున మంచిదయిన యా చేయి పెండ్లినాఁడు మాత్రము చెడ్డదగును.

పెండ్లిలో అంకురార్పణమను తంతు గలదు. పాలికలను మట్టిమూకుళ్ళలోఁ బుట్టమన్ను పోసి, పాలలో నానవేసిన నవధాన్యములను జల్లి, నీరు చిలుకరింతురు. ఈ పనికి ముత్తైదువలనే పిలుతురు. మొలకలు పచ్చఁగా లేచిన దంపతులకు శుభమని తలంతురు. తంతు ముగిసిన పిదప వానిని నీటఁ గలుపుదురు. నాకీ తంతుపై ద్వేషము లేదు. విత్తు మొలచుటను జూచి మ్రొక్కినవాఁడు, తాను జేయలేనిది యెదుట జరుగుచున్నదని యొప్పుకొన్నవాఁడు, అది భక్తియే. ఒక యింటిలోని ధాన్యము మొలచునో మొలవదో చూచుకొనుటకు నిది మంచి పరీక్ష కూడనని నాకుఁ దోఁచుచుండును. కాని పాలికలోని పెసలు, మినుములు, అనుములు ఎవరి కుండలోనివి? ఎవరు ఎండఁబెట్టి, చెఱిగి, పుచ్చులేఱి, దాఁచిపెట్టినవి? ఆ విత్తులు వేదికయెక్కఁగా, వానిని బ్రతికించిన స్త్రీ వంటింటి తలుపు చాటున నిలుచుండును. ఆమె యెదురువచ్చినచో నపశకునమట!

1881లో రాజమహేంద్రవరమునఁ గందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. అప్పటినుండి నూటనలువది యేండ్లు దాటినవి. వితంతువునకు మరల వివాహము కూడదని బహిరంగముగా వాదించువారు నేఁడు మనలో నఱుదు. అయినను ఆ వాదమును విడిచినవారి యిండ్లలోనే, పసుపుకుంకుమల పళ్ళెము ఆమెను దాటిపోవుచున్నది. పాలికల యొద్దకు ఆమెను బిలువరు. సభలో నొప్పుకొన్నది పెరటిగుమ్మము దాటి లోపలికి రాలేదు.

దీనికిఁ జెప్పు సమాధానములు రెండు. ఒకటి, ఇది యాచారము, ఎవరి మనస్సు నొప్పించుటకు నేర్పడినది కాదని. నొచ్చినదో లేదో తెలిసికొనుటకు మార్గము సులభము; ఆమెనే యడుగవలెను. రెండవది, మేము వలదనలేదు, ఆమెయే రానన్నదని. ఈ రెండవదానిని నేను పలుమాఱు విన్నాను, చెప్పువారు అబద్ధమాడుట లేదు. ఆమెయే రానని యుండును. పాదుపై బుట్ట బోర్లించి పదిదినములు విడిచిన మొలక తెల్లఁబాఱి, సన్నఁగిలి, సాగిలఁబడి యుండును. అది దాని స్వభావమని చెప్పువారు బుట్ట నెత్తి, వారముదినములు వెలుఁగు సోకనిచ్చి, పిమ్మటఁ జెప్పవలెను. కావున నొకమాఱు పిలిచి యూరకుండఁగూడదు. మీ యింటఁ గాఁబోవు పెండ్లిలోఁ బాలికయందు మొదటి పిడికెఁడు గింజలు ఆమెయే వేయవలెనని యింటిపెద్ద తన నోటితోఁ జెప్పి, చేయిపట్టి తీసికొనివచ్చి కూర్చుండఁబెట్టవలెను. పురోహితుఁడు సంశయించునేని, ఆయనతో మర్యాదగా మాటలాడుఁడు. విత్తులు ఆమెవి, పాలికలు మీవి. మొలకలు రెండుదినములలోఁ జెప్పవలసినది చెప్పును.

ఇట్టిదే మఱియొకటి. నెలసరిలో నున్న స్త్రీ పాదు ముట్టినచో తీఁగ వాడుననియు, తులసి యెండుననియు మన యిండ్లలో బాలికలకు నేర్పుచున్నాము. ఇది మన దేశపుఁ జదువురానివారికే పరిమితమైన భ్రమ కాదు. 1920లో వియన్నా నగరమున బేలా షిక్ అను ప్రసిద్ధవైద్యుఁడు అట్టి స్త్రీల చేత పువ్వులు వాడుచున్నవని తలంచి, వారి శరీరమున నేదో విషము పుట్టునని వ్రాసెను. అటుపిమ్మట పలువురు పరీక్షించిరి. అట్టి విషమేదియు స్థిరపడలేదు. మీకు సందేహముండునేని పెరడే పరీక్షాశాల. ఒకే మడిని రెండుగాఁ జేసి, ఒకే సంచిలోని తోఁటకూరవిత్తు సమముగాఁ జల్లి, ఒకదానికి నీరు పోయుట అన్నిదినములలోను మీ కుమార్తెకే విడువుఁడు. నెలదినములలోఁ గోసిన కూరను తూఁచి చూచుకొనుఁడు. ఆమెను తులసికోటకు దూరముగా నిలిపినది తులసి కాదని ఆ బాలిక తన కన్నులతోఁ జూచునుగదా. అది యామెకు మీరిచ్చు నగలకంటె నెక్కువదినము లుండును.

విత్తొకటి పెట్టిన చెట్టొకటి మొలచునా యని మనవారు సామెత చెప్పుదురు. కర్మఫలము మాటకు సామెత సరిపోవును గాని, పెరటిలో నెల్లప్పుడు సరిపోదు. గుమ్మడి, సొర, బీరలలో మగపువ్వు వేఱు, ఆఁడుపువ్వు వేఱు. గుమ్మడిపువ్వు ప్రాతఃకాలమున విచ్చును, తేనెటీఁగలు వచ్చును. సొరపువ్వు, బీరపువ్వు సాయంకాలమున విచ్చును, చీఁకటిపురుగులు వచ్చును. ఆ పురుగులు గోడలను, వీథులను లెక్కింపవు. మీ పెరటిలోఁ బొడుగుసొరయు, పొరుగింట గుండ్రనిసొరయు నున్నచో, మీరు దాఁచిన విత్తునుండి వచ్చునేఁడు మూఁడవరూపము మొలవవచ్చును. స్వచ్ఛముగా నుంచఁగోరువారు, విచ్చఁబోవు మగపువ్వును, ఆఁడుపువ్వును ముందుగానే దారముతోఁ గట్టి, విచ్చువేళకు విప్పి, తమ చేతితో పుప్పొడి యంటించి మరలఁ గట్టవలెను. చిక్కుడు, టమాటాలు చాలవఱకుఁ దమలోఁ దామే ఫలించును గనుక వానితో చిక్కు తక్కువ. అంగడిలోని సంకరవిత్తు సంగతి వేఱు. దాని మొదటి పంట యొక్క తీరుగా నుండును. ఆ పంట విత్తును దాఁచి పెట్టినచో నొక్కొక్కటి యొక్కొక్క తీరుగా విడిపోవును.

ఎందుకు విడిపోవునో తెలిపినవాఁ డొక సన్న్యాసి. బ్రూన్ పట్టణపు మఠములో గ్రెగర్ మెండెల్ 1856 మొదలు 1863 వఱకు మఠపుఁ దోఁటలో బఠానీలను పెంచి, వేలకొలఁది మొక్కలను లెక్కించెను. ఊదాపువ్వుల జాతిని తెల్లపువ్వుల జాతితోఁ గలుపఁగా మొదటితరమునఁ దెలుపు మాయమైనది. ఆ తరపు విత్తులను మరలఁ బెట్టఁగా 705 ఊదాపువ్వుల మొక్కలు, 224 తెల్లపువ్వుల మొక్కలు వచ్చినవి. మాయమైనదనుకొన్నది యెక్కడికిని బోలేదు. 1866లో నచ్చైన యా వ్యాసమును లోకము ముప్పదినాలుగేండ్లు లక్ష్యపెట్టలేదు. 1884లో నాయన గతించెను. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు వేఱువేఱుగా నదే సత్యమును జూచి యాయన పేరు పైకిఁ దెచ్చిరి. ప్రార్థనకును తోఁటకును నడుమ గోడ కట్టుకొననివారికిఁ గలిగిన లాభమిది. ఆయన మఠములో బైబిలు చదివి, బయటికి వచ్చి బఠానీ లెక్కించెను. రెండింటను ఒకే శ్రద్ధ.

విత్తునకై ప్రాణము లిచ్చినవారును గలరు. రష్యాలోని లెనిన్‌గ్రాడు నగరమున వావిలోవ్ అను మహాశాస్త్రజ్ఞుఁడు లోకమంతటినుండి విత్తులను గూర్చి నిలువచేసెను. 1941 సెప్టెంబరు మొదలు 1944 జనవరి వఱకు శత్రుసైన్యము నగరమును ముట్టడింపఁగా జనులు లక్షలకొలఁది ఆఁకలిచేఁ జచ్చిరి. ఆ విత్తనశాలలోని యుద్యోగులు వరి, గోధుమ, వేరుసెనగ మూటలనడుమఁ గూర్చుండి, వాని నొక్క గింజయుఁ దినక, కొందఱు ఆఁకలిచేఁ గన్నుమూసిరి. వరివిత్తులను గాపాడిన ఇవనోవ్ వారిలో నొకఁడు. వావిలోవ్‌నే పాలకులు 1940లో నిర్బంధించిరి. 1943లో నాయన సరాటోవ్ చెఱసాలలో మరణించెను. దేవుని పేరెత్తని రాజ్యములో జరిగిన యీ త్యాగమునకు మనము పేరు పెట్టనక్కఱలేదు.

మన జహీరాబాదు ప్రాంతమున, పస్తాపురము కేంద్రముగా 1983 నుండి పనిచేయుచున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళితస్త్రీలు, జొన్న, కొఱ్ఱ, సజ్జ, కంది మొదలగు పాతపంటల విత్తులను మట్టికుండలలోను బుట్టలలోను బూడిద, వేపాకు వేసి కాపాడి, లేనివారి కిచ్చి, పంట వచ్చిన పిమ్మట మరల విత్తుగానే తీసికొనుచున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము వీరికి వచ్చినది. ఏ స్త్రీల నీడ సోకరాదని మన తాతలు దూరముగా నుంచిరో ఆ స్త్రీలయొద్ద విత్తున్నది. మన యింటి అటకమీఁది కుండ పగిలి చాలకాలమైనది. 2001నాఁటి చట్టముచేత, తన పంట విత్తును దాఁచుకొనుటకు, మరల విత్తుటకు, ఇరుగుపొరుగులకు నిచ్చుటకు మన దేశపు కర్షకునకు హక్కు కలదు. వాడుకొనని హక్కు కాగితముపై నుండును.

కావున ఈ తొలకరికి మీరు చేయఁదగిన దేమనఁగా, ఒక్క పాదుతో నారంభింపుఁడు. మొదటి యేఁట చిక్కుడో బీరయో చాలును. పాతవిత్తు దొరకినచో ముందుగాఁ బది గింజలను తడిగుడ్డలోఁ జుట్టి వారముదినములు చూడుఁడు. ఏడెనిమిది మొలచిన నిశ్చింతగాఁ బెట్టుఁడు. మూఁడు నాలుగే మొలచినచోఁ బాదున కెక్కువ గింజలు వేయుఁడు. ఆ పని పిల్లలచేఁ జేయింపుఁడు. పనివాని పిల్లలు నీ పిల్లలతోఁ గలిసి యొకే పాదుయొద్దఁ గూర్చుండనిండు. ఇంటిలో వృద్ధస్త్రీ యుండెనేని ఆమెకుఁ గుర్చీ వేసి, ఎంత లోఁతో, ఎంత యెడమో ఆమెను జెప్పుమనుఁడు; పుస్తకమునకును ఆమెకును భేదము వచ్చినచోఁ జెరిసగము పెట్టి చూడుఁడు.

కాయలు ముదిరి విత్తు చేతికి వచ్చిన పిదప మూఁడు పాళ్ళు చేయుఁడు: ఒకటి వచ్చునేఁటికి, ఒకటి పంట తప్పినచో రెండవయేఁటికి, ఒకటి గోడ కవతలివారికి. కాగితపు సంచిలోఁ బోసి, గాలి చొరని సీసాలో నుంచి, అడుగున గుప్పెఁడు ఎండిన బూడిద వేయుఁడు. సంచిపై విత్తు పేరు, ఏ నెల ఏ సంవత్సరమునఁ దీసినది, మొదట ఎవరియొద్దనుండి వచ్చినది వ్రాయుఁడు. ఈ మూఁడవదానిని విడువకుఁడు. పెద్దత్త విత్తు, బామ్మ విత్తు అని వ్రాయక, ఆమె పేరు పూర్తిగా, ఇంటిపేరుతోఁ గూడ, సిరాతో వ్రాయుఁడు. గోడ కవతలికిఁ బోవు సంచిపైని గూడ నట్లే.